మా ల్యాబ్‌కు నెగెటివ్ నా రక్తమే

కడుపులో నాలుగో నెల బిడ్డ ఉండగా నా రక్తాన్ని నేనే పరీక్షించాను, ఫలితం నేనే చూశాను. జబ్బుందేమోనని చూడలేదు. రోజూ చేసే పనిలో భాగంగా చూశాను. ఆ రోజు గురించి రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. పాప పక్కనే పడుకుంది. పొద్దున తన రక్తం ఇచ్చి వచ్చాం. రిపోర్టు ఎల్లుండి వస్తుంది. అప్పటిదాకా నిద్ర పట్టదని తెలుసు కాబట్టి ఇది మొదలుపెట్టాను.

డిగ్రీ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి గద్వాలలో ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో చేరాను. పెళ్లికి ముందు కొన్నేళ్లు, పెళ్లయ్యాక కొన్ని నెలలు అక్కడే పనిచేశాను. రిటైరయ్యానని చెప్పుకునే వయసు కాదు నాది. కానీ మళ్లీ ఆ బల్ల ముందు కూర్చోను కాబట్టి, నా వరకు అది ముగిసిన ఉద్యోగమే. మా చిన్నాన్న కూతురు ఈ ఏడు నాగర్‌కర్నూల్‌లో అదే కోర్సులో చేరింది. "అక్కా, పనెట్లుంటది?" అని ఫోన్‌లో అడిగింది. "మంచిగనే ఉంటది" అని పెట్టేశాను. అది అబద్ధం కాదు గానీ జవాబూ కాదు. చెల్లీ, జవాబు ఇదీ.

చెయ్యి, నరం, మాట

కాలేజీలో మైక్రోస్కోప్ చూపిస్తారు, పాఠాలు చెప్తారు. నరం దొరకబుచ్చుకోవడం మాత్రం నీ వేళ్లే నేర్చుకోవాలి. మా ల్యాబ్‌కు వచ్చేవాళ్లలో సగం మంది పత్తి సీడు చేలల్లో పనిచేసే ఆడవాళ్లు. మొగ్గలు గిల్లి గిల్లి వాళ్ల వేళ్ల చివర్లు మొద్దుబారి ఉంటాయి. మోచేతి దాకా గాజులు. ఎండలో నీళ్లు తాగకుండా వస్తారు, నరాలు లోపలికి పోయి ఉంటాయి. రెండోసారి గుచ్చాల్సి వస్తే నువ్వు భయపడకూడదు. నీ భయం వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఒక ముసలమ్మ నేను మూడో ట్యూబు తీసేసరికి నా చెయ్యి పట్టుకుని, "జర మిగిలియ్యి బిడ్డా, నడిచి ఇంటికి పోవాలె గద" అంది. ల్యాబ్‌లో అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

ల్యాబ్ యజమాని బాలరాజు సార్. ఆయన కూడా టెక్నీషియన్‌గానే మొదలుపెట్టాడు. పరీక్ష చెయ్యకుండా నంబరు రాసే ల్యాబ్‌లు ఉన్నాయని విన్నాను. సార్ అలాంటివాడు కాదు. మెషీన్ సందేహంగా ఉంటే మళ్లీ చేయించేవాడు, విసుక్కోకుండా. అది ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఆయనకు ఒక వింత అలవాటు. మాట్లాడాల్సిన అవసరం లేని చోట మాట్లాడేవాడు, మాట్లాడాల్సిన చోట మూగవాడయ్యేవాడు. హిమోగ్లోబిన్ తక్కువొచ్చిన ప్రతి గర్భిణికీ కౌంటర్ దగ్గరే సలహా ఇచ్చేవాడు: "కార్జం తినమ్మా. వారంల రక్తం పడుతది." కార్జం అంటే మా దిక్కు మేక కాలేయం, గొర్రె కాలేయం. ఎట్లా వండాలో ఆయన చెప్పేవాడు కాదు, వాళ్లూ అడిగేవాళ్లు కాదు. వంట సంగతి మగవాడు చెప్పేదేముంటుంది?

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా దాని వల్లే బయటపడింది. కొన్ని రక్తపరీక్షల్లో చిన్న చిన్న గుంటలున్న పలక వాడతాం. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తంలోంచి వేరుచేసిన సీరం పోస్తాం. చివరికి పాజిటివ్ ఉన్న గుంట పచ్చగా, పసుపు నీళ్ల రంగుకు తిరుగుతుంది. లేనిది మామూలు నీళ్లలాగే ఉంటుంది. కొత్త కిట్ డబ్బా వచ్చినప్పుడు అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడ్డానికి కంపెనీ వాళ్లే శాంపిళ్లు ఇస్తారు. సార్‌కు అవి చాలవు. మన చేతిలో ఉన్న, మనకు తెలిసిన రక్తం కూడా పెట్టమనేవాడు. టాక్సోప్లాస్మా పరీక్షకు ఆ తెలిసిన రక్తం నాది. చేరిన కొత్తలో ఒకసారి చేస్తే ఏమీ లేదని వచ్చింది. అప్పటినుంచి డబ్బా మారినప్పుడల్లా నా రక్తమే మా నెగెటివ్. "సరితా, నెగెటివ్ తియ్యి" అనేవాడు సార్. నేను చెయ్యి చాపేదాన్ని.

శిరీష చెంబు

టాక్సోప్లాస్మా అనేది కంటికి కనపడని పరాన్నజీవి. పిల్లి మలంలో, ఆ మలం కలిసిన మట్టిలో, సరిగా కడగని ఆకుకూరలో, సరిగా ఉడకని మాంసంలో ఉంటుంది. మామూలు మనిషికి సోకితే చాలాసార్లు తెలియను కూడా తెలియదు. గర్భంతో ఉన్నప్పుడు మొదటిసారి సోకితేనే భయం, అప్పుడది బిడ్డకు చేరొచ్చు. ఇంత చిన్న సంగతి తెలియక ఎంత ఘోరం జరగబోయిందో శిరీష కేసులో చూశాను.

శిరీష పుట్టిల్లు గద్వాల, అత్తవారిల్లు వీపనగండ్ల. రెండుసార్లు మూడో నెలలోనే కడుపు పోయింది. మూడోసారి నెల తప్పాక ఎవరో పరీక్షలు రాసిస్తే మా దగ్గర చేయించుకుంది. టాక్సోప్లాస్మాకు రెండు రకాలుగా చూస్తాం. ఐజీజీ అనేది పాత గుర్తు, ఎప్పుడో వచ్చిపోయిందని చెబుతుంది. ఐజీఎం అనేది కొత్తగా సోకిందేమోనని అనుమానం పుట్టించేది. శిరీషకు ఐజీజీ ఉంది, ఐజీఎం లేదు. అంటే ఈ గర్భానికి ముందెప్పుడో వచ్చి పోయింది, ఈ బిడ్డకు దానివల్ల భయం లేదు. కానీ మా కంప్యూటర్ 'పాజిటివ్' అన్న మాటను ఎర్రగా, లావుగా అచ్చువేసేది.

నాలుగు రోజులకు భర్తా, అత్తా ఆమెను వెంటేసుకుని వచ్చారు.

"పురుగు పోనీకి మందున్నదా లేదా, గది చెప్పుండ్రి" అంది అత్త.

"పురుగేందమ్మా?" అన్నాను.

"మా ఊరి ఆరెంపీ చెప్పిండు. దీని రక్తంల పురుగున్నదట. గందుకే కడుపు నిలుస్తలేదట. ఇది కూడ తీసేయించి, మందు వాడి, తర్వాత చూసుకోమన్నడు."

నేను నోరు తెరిచేలోపే బాలరాజు సార్ అందుకున్నాడు. "అమ్మా, నంబరు మాది, మాట డాక్టర్‌ది. డాక్టర్‌ను అడుగుండ్రి."

"డాక్టరే చెప్పిండంటున్నం గద!"

సార్ వెనకున్నవాళ్ల రసీదు అందుకున్నాడు. శిరీష తలుపు పక్కన నిలబడి ఉంది. నేను నీళ్లిస్తే తీసుకోలేదు. "నా చెంబు నేను తెచ్చుకున్న అక్కా" అంది మెల్లగా. సంచీలోంచి స్టీలు చెంబు తీసి చూపించింది. ఇంట్లో ఆమెకు చెంబు, కంచం వేరే పెట్టారట, పురుగు అంటుకుంటదని.

మేం ఇచ్చింది ఒక కాగితం. దాని మీద ఒక ఎర్ర మాట. అది వీపనగండ్ల దాకా పోయి ఒక మనిషి చెంబును వేరు చేసింది, ఇప్పుడు ఆమె బిడ్డను తీయించబోతోంది.

వాళ్లను ఎదురు రోడ్డులో విజయ మేడం దగ్గరికి పంపాను. మేడం మా ఊళ్లో పేరున్న కాన్పుల డాక్టర్. గంటలో మేడం ఫోన్. "సరితా, ఎవరు రాసిండ్రు దీని మీద గింత ఎర్రగ? ఐజీజీ ఒక్కటే ఉన్నది కద! ఈ పిల్ల సుబ్బరంగ ఉన్నది." శిరీష అత్తకు ఆమె ఎట్లా నచ్చజెప్పిందో తెలియదు. శిరీషకు మగపిల్లాడు పుట్టాడని తర్వాత తెలిసింది.

రిపోర్టు కింద ఒక్క వాక్యం అచ్చువేద్దామని సార్‌ను అడిగాను: ఐజీజీ ఉంటే పాతదని, డాక్టర్‌ను కలవకుండా భయపడవద్దని. సార్ ఒప్పుకోలేదు. "ఇయ్యాల ఒక లైన్ రాస్తే రేపు పది లైన్లు రాయమంటరు. మనది గా పని కాదు" అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతి చాలా ల్యాబుల్లో ఉన్నదే. తప్పని కూడా అనలేను. కానీ చెల్లీ, కాగితం చేతికిచ్చేటప్పుడు ఎదుటి మనిషి దాన్ని ఎవరికి చూపించబోతోందో అడుగు. అది కూడా పనే.

కొత్త డబ్బా

నాకు మల్దకల్ దగ్గరి ఊరి సంబంధం కుదిరింది. మా ఆయన సీడు పత్తి పొలాల మీద సూపర్‌వైజర్. అత్తమ్మ, ఆయన, నేను, ముగ్గురమే. రోజూ బస్సులో గద్వాలకు వచ్చి పోయేదాన్ని. నెల తప్పిన కొత్తలో ఒక టాక్సో ఐజీజీ కిట్ డబ్బా తెరిచాం. ఎప్పటిలాగే నా రక్తం పెట్టాను, ఎప్పటిలాగే నీళ్లలా ఉంది.

మూడో నెలలో హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. సార్ నా రిపోర్టు చూసి ఎప్పటి మాటే అన్నాడు, "కార్జం తిను బిడ్డా." ఆ తర్వాత కొన్నాళ్లకు రెండు రోజులు ఒళ్లు వెచ్చగా అనిపించింది. మెడ వెనక శెనగ గింజల్లా గడ్డలు తగిలాయి. బస్సు ప్రయాణం, ఎండ అనుకున్నాను. గర్భిణికి ఒళ్లు ఎట్లా ఉన్నా దానికో కారణం సిద్ధంగా దొరుకుతుంది.

నాలుగో నెలలో కొత్త డబ్బా వచ్చింది. "నెగెటివ్ తియ్యి" అన్నాడు సార్. తీశాను. పలక పెట్టాను. రంగు పోసి, రంగు మార్పును ఆపే ద్రావణం వేశాను. కంపెనీ వాళ్ల పాజిటివ్ పచ్చబడింది. వాళ్ల నెగెటివ్ నీళ్లలా ఉంది. నా గుంట పచ్చగా ఉంది.

"కిట్ కరాబైంది సార్" అన్నాను. నిజంగానే అట్లా అనుకున్నాను. నా రక్తం తప్పవుతుందని తట్టనే లేదు.

సార్ వచ్చి చూశాడు. "ఎండల తెచ్చిండ్రు డబ్బా. వాపస్ పంపు. రెండో దాంట్ల చెయ్యి."

పాత డబ్బాలో కొన్ని గుంటలు మిగిలి ఉన్నాయి. నేను నెగెటివ్‌గా వచ్చిన డబ్బానే అది. అందులో పెట్టాను. పచ్చబడింది.

నేను ఐజీఎం కిట్ తీశాను. చేతులు వాటంతట అవే పనిచేశాయి, పిప్పెట్ వణకలేదు. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఐజీఎం గుంట కూడా పచ్చబడింది. శిరీషకు లేనిది నాకు ఉంది.

ల్యాబ్‌లో ఆ పూట అందరికంటే ముందు మాట్లాడింది బాలరాజు సార్. 'మాట డాక్టర్‌ది' అన్నవాడే, నా తల మీద చెయ్యి పెట్టి, "క్లీన్ చేయించుకో బిడ్డా. చిన్న వయసు, మళ్ల ఐతరు" అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. 'క్లీన్' అన్న మాట ఎంత తేలికగా వచ్చిందో అనుకుంటూ ఆయన నోటి వైపే చూస్తూ ఉండిపోయాను. బల్ల తుడిచేటప్పుడు రోజూ అంటాం ఆ మాట.

పచ్చి మాంసం

విజయ మేడం పలక ఫొటో చూసి, పాత డబ్బాలో ఎప్పుడు నెగెటివ్ వచ్చిందో అడిగింది. చెప్పాను.

"గట్లయితే ఇది కొత్తదే. ఈ రెండు మూడు నెలల్లనే సోకింది. చానామందికి గీ రుజువు దొరకదు, ఐజీఎం చూసి ఊకనే భయపడుతరు. నీకు దొరికింది" అంది. ఆ రుజువు దొరకకపోతే బాగుండునని నాకు అనిపించింది.

"పచ్చి మాంసం తిన్నవా సరితా?"

"ఛీ, లేదు మేడం. పచ్చి మాంసం ఎవరు తింటరు?"

"సగం సగం ఉడికింది?"

"లేదు మేడం. మా అత్తమ్మ కూర మెత్తగ ఉడకవెడుతది."

"ఇంట్ల పిల్లి ఉన్నదా?"

"ఉన్నది. పత్తి గింజల అర్రల ఎలుకల కోసం తిరుగుతది. నేను దాన్ని ముట్టను."

"రక్తం తక్కువుండె కద నీకు. దానికేం తింటున్నవు?"

"గోలీలు వేసుకుంటున్న. ఇంకా, కార్జం."

"కార్జం ఎట్ల వండుతరు?"

"వండరు మేడం, కాలుస్తరు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ నాకు వినపడలేదు. మేడం పెన్ను బల్ల మీద పెట్టింది.

ఆదివారం ఊళ్లో మేకనో గొర్రెనో, యాట కోసినప్పుడు అత్తమ్మ అందరికంటే ముందు పోయి కార్జం అడిగి తెచ్చేది, నా కోసం. పొయ్యిలో కట్టెలు నిప్పులయ్యాక ఉప్పూ కారం రాసి, చువ్వకు గుచ్చి కాల్చేది. పైన నల్లబడగానే తీసేది. కొరికితే లోపల ఎర్రగా, తడిగా ఉండేది. "గట్లనే ఉండాలె బిడ్డా. ఉడకవెడితే బలమంత నీళ్లల్ల పోతది. రక్తం కనవడితేనే రక్తం పడుతది" అనేది. తనూ కాన్పుల్లో అట్లాగే తిన్నదట, వాళ్లమ్మ కూడా. ఊళ్లో కడుపుతో ఉన్న ఆడవాళ్లందరికీ అట్లాగే పెడతారు. ఒళ్లంతా రక్తం లేక పాలిపోయిన పిల్లకు అంతకంటే ప్రేమగా ఏం పెడతారు?

నేను మైక్రోబయాలజీ చదివాను. 'సరిగా ఉడకని మాంసం' అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ ఆ మాటకు నా మనసులో ఉన్న బొమ్మ ఎక్కడో, ఎవరో తెల్లవాళ్లు కత్తితో కోసుకుతినే మాంసానిది. మా పొయ్యి మీద కాలే కార్జం ఆ వాక్యంలోకి ఏనాడూ రాలేదు. కాల్చింది పచ్చిదెట్లా అవుతుంది? మా దిక్కు ఏ ఆడమనిషిని అడిగినా ఇదే అంటుంది. డాక్టర్లు 'పచ్చి మాంసం తిన్నారా' అని అడిగితే అందరూ లేదనే అంటారు, నిజాయితీగానే అంటారు.

"కార్జంతోనే వచ్చిందని చెప్పలేను" అంది మేడం. "పిల్లి తిరిగిన మట్టి కావచ్చు, కడగని కొత్తిమీర కావచ్చు. ఎక్కడికెల్లి వచ్చిందో నీ రక్తం చెప్పదు. ఇప్పుడు బిడ్డకు చేరిందా లేదా, గదొక్కటే ముఖ్యం."

చేరితే కళ్లు, మెదడు దెబ్బతినొచ్చు. ఈ నెలల్లో చేరే అవకాశం తక్కువే, కానీ చేరితే దెబ్బ పెద్దది. బిడ్డకు చేరకుండా అడ్డుకోవడానికి ఒక మందు రాసింది. ఐదో నెల దాటేటప్పుడు హైదరాబాద్ పోయి, ఉమ్మనీరు తీయించి పరీక్ష చేయించాలి. అప్పుడు గానీ తెలియదు. అప్పటిదాకా తీసేయించుకోవడం గురించి ఎవరు మాట్లాడినా వినొద్దని చెప్పింది.

అత్తమ్మ

ఇంట్లో చెప్పింది మా ఆయన. ఆయనకు సగమే అర్థమైంది, ఆ సగం అత్తమ్మకు ఇంకోలా అర్థమైంది.

"నేనేమన్న విషం పెట్టిన్నా?" అంది అత్తమ్మ. అరవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. "నీకు కండ్లు తిరుగుతున్నయంటే పెట్టిన. గంతే గద."

"కార్జమే అని మేడం చెప్పలేదు అత్తమ్మా."

"కాదని గూడ చెప్పలేదు గద!"

మా ఆయనకు ఒక దోషి కావాలి, వాళ్లమ్మ కాని దోషి. గింజలు పోసే గదిలోని పిల్లిని గోనె సంచీలో వేసి, బండి మీద జూరాల కాలువ అవతలికి తీసుకుపోయి వదిలొచ్చాడు. రెండు రోజులకు అది వాపసొచ్చి అదే గింజల కుప్ప మీద పడుకుంది. "దీనికి బస్సు దొరికినట్టుంది" అన్నాడు. ఆ నెలల్లో మేం నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

అలంపూర్ నుంచి అత్తమ్మ చెల్లెలు చూడ్డానికొచ్చింది. విషయం తెలిసి వచ్చింది. నేను లోపల పడుకుని ఉంటే వరండాలో మాట్లాడుతోంది, నాకు వినపడేలాగే.

"తీసేయించుండ్రి అక్కా. రేపు కండ్లు లేని పిల్ల పుడితే ఎవరు సాకుతరు?"

"నేను సాకుత" అంది అత్తమ్మ. "నీకేంది పరేషాన్? నిన్ను సాకమన్ననా?"

"నీ మంచికే చెప్తున్న..."

"చాయ తాగు. తాగి బస్సెక్కు."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. పెళ్లయినప్పటినుంచి ఆమె కోసం ఒక్కసారి కూడా ఏడవలేదు. ఆ రోజు ఏడ్చాను.

అత్తమ్మ మల్దకల్ తిమ్మప్పకు మొక్కింది. నేను మందు వేసుకున్నాను. ఒకరి పని ఒకరం తప్పుపట్టలేదు.

సూది

వేలమందికి సూది గుచ్చాను. హైదరాబాద్‌లో నా కడుపులోకి పొడుగాటి సూది దిగుతుంటే స్క్రీన్ మీద బిడ్డ చెయ్యి కదిలింది, సూది వైపు. డాక్టర్ ఆగింది. బిడ్డ చెయ్యి పక్కకు జరిగేదాకా కదలకుండా ఆగింది. సూది పని ఎట్లా ఉండాలో నాకు ఆ గదిలో తెలిసింది. ఆ తర్వాత నేను ఎవరికీ సూది గుచ్చలేదు, అయినా నీకు చెబుతున్నాను. ఎంత వరుస ఉన్నా, బయట ఎంతమంది గొడవచేస్తున్నా, ఆగడం నేర్చుకో.

రిపోర్టు కోసం ఎదురుచూసిన రోజుల గురించి రాయలేను. రిపోర్టులు ఇచ్చేదాన్ని గానీ ఎదురుచూసే బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి చూస్తే కౌంటర్ వెనక నవ్వుకునే ల్యాబ్ పిల్లలు రాక్షసుల్లా కనపడతారు. మేమూ అట్లాగే నవ్వుకునేవాళ్లం, టిఫిన్ గురించో, సినిమా గురించో.

ఉమ్మనీటిలో పరాన్నజీవి దొరకలేదు. "సంతోషించు, కానీ మందు ఆపకు. దొరకలేదంటే ముందుముందు చేరదని కాదు" అంది విజయ మేడం. ఆ వాక్యంలో మొదటి సగం అత్తమ్మ పట్టుకుంది, రెండో సగం నేను పట్టుకున్నాను.

ఉద్యోగం అప్పుడే మానేశాను. సార్ వద్దన్నాడు. కానీ ఆయన ఒక పని చేశాడు, అది చెప్పకపోతే అన్యాయం. నేను మానేశాక టాక్సో రిపోర్టు కింద నేనడిగిన ఆ వాక్యం పెట్టించాడు. కౌంటర్ దగ్గర ఇప్పుడు "కార్జం తినమ్మా, బాగ ఉడకవెట్టి తిను, లోపల ఎర్రగ ఉండొద్దు" అంటున్నాడట. అన్నీ డాక్టర్ కోసం ఆపి ఉంచితే సరిపోదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా పలక చూశాడు, అంతే.

పాప రక్తంలో నాది

పాప పుట్టినప్పుడు కళ్లు చూశారు, తల లోపల చూశారు. బాగున్నాయన్నారు. రక్తంలో ఐజీఎం లేదు. కానీ ఐజీజీ ఉంది.

"అది నీది" అంది మేడం. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఐజీజీ బిడ్డకు వెళుతుంది. బిడ్డకు సోకకపోతే అది నెలనెలా తగ్గుతూ ఏడాదికి పూర్తిగా పోతుంది. సోకి ఉంటే పోదు, పాప సొంతంగా చేసుకోవడం మొదలుపెడుతుంది. అందువల్ల ఏడాదిదాకా నిజం ఎవరికీ తెలియదు. మూడో నెలలో తగ్గింది. ఆరో నెలలో ఇంకా తగ్గింది. తొమ్మిదో నెలలో కొంచెమే తగ్గింది. ఆ 'కొంచెమే' నన్ను తినేసింది.

ఏడాదంతా పాప కళ్లే చూస్తూ బతికాను. గిలక్కాయ అటు తిప్పితే అటు చూస్తుందా, ఇటు తిప్పితే ఇటు చూస్తుందా. నిద్రపోతుంటే రెప్పలు చూశాను. అత్తమ్మ తిట్టింది: "పిల్లను ఊకె పరీక్ష పెట్టకు. నవ్వుతుంది గద, నువ్వు గూడ నవ్వు." నవ్వేదాన్ని, గిలక్కాయ అటు తిప్పుతూ.

పొద్దున ఆఖరి శాంపిల్ ఇచ్చాం. మా పాత ల్యాబ్‌లోనే. కొత్త అమ్మాయి తీసింది, నేను పాప చెయ్యి పట్టుకున్నాను. ఒక్క గుచ్చులోనే నరం దొరికింది. మంచిపిల్ల.

ఇక్కడిదాకా మొన్న రాశాను. తర్వాత రాయలేకపోయాను.

ఈరోజు మధ్యాహ్నం సార్ ఫోన్ చేసి, "నంబరు చెప్పనా, వచ్చి చూసుకుంటవా?" అన్నాడు. ఆయన గొంతును బట్టి ఏమీ తెలియలేదు. ఫోన్ మా ఆయన చేతికిచ్చాను. ఆయన విని, నావైపు తిరిగి, "ఏం లేదట" అన్నాడు. "ఏం లేదంటే? మొత్తం పోయిందా, తగ్గిందా?" అని అరిచాను. "మొత్తం పోయిందట" అన్నాడు. అత్తమ్మ లోపల్నుంచి వచ్చి, "మొత్తం పోయిందంటే మంచా, చెడా?" అని అడిగింది. పాపను ఆమె చేతుల్లో పెట్టాను. ఆమెకు అర్థమైంది.

సాయంత్రం రిపోర్టు పట్టుకుని విజయ మేడం దగ్గరికి పోయాం. మేడం పాత రిపోర్టులన్నీ వరుసగా పెట్టి చూసింది. పాప కళ్ల మీద చిన్న టార్చి వేసింది. పాప టార్చిని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది.

"అయిపోయింది సరితా. పిల్లకు సోకలేదు. దీని కోసం ఇంక రానక్కర్లేదు."

"సరే మేడం."

లేవాలి. లేవలేదు. మా ఆయన లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. బయట వరుసలో గర్భిణులు కూర్చుని ఉన్నారు.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది మేడం.

"ఎప్పుడు రావాలె మేడం?"

"ఇప్పుడే చెప్పిన గద. రానక్కర్లేదని."

"సరే మేడం" అన్నాను. పాపను భుజాన వేసుకుని తలుపు దాకా పోయి, మళ్లీ వెనక్కి తిరిగాను. "నెల తర్వాత ఒక్కసారి వస్త. ఊకనే."

మేడం బెల్లు కొట్టి, "రా" అంది. నన్నో, బయట ఉన్నామెనో తెలియలేదు.